హ్యాండిక్యాప్ ఎంత తగ్గుతుంది, ఎన్నాళ్లలో తగ్గుతుంది? గోల్ఫ్ పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) తగ్గించుకోవడం గురించే. కొందరు చేరలేని లక్ష్యం పెట్టుకుని నిరాశపడుతున్నారు. ఇంకొందరు అసలు లక్ష్యమే లేకుండా ఏళ్లుగా బంతులు కొడుతున్నారు. జవాబుల్లోని లెక్కలన్నిటికీ ఒకే కోర్సు అంకెలు తీసుకున్నాం: పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకులు, అంటే దెబ్బలు) 72, కోర్స్ రేటింగ్ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడికి వచ్చే స్కోరు అంచనా) 70.5, స్లోప్ రేటింగ్ (మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఇంకెంత కష్టమో చెప్పే అంకె) 124. మీరు ఆడే టీల (హోల్‌లో మొదటి బంతి కొట్టే చోట్ల) రేటింగు స్కోరుకార్డు మీదో క్లబ్బు నోటీసు బోర్డు మీదో ఉంటుంది. వీటి బదులు ఆ అంకెలు వేసుకుంటే మీ లెక్క మీకు వస్తుంది.

ప్రశ్న: నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ 24.6. వారంలో ఆదివారం ఒక్కరోజే ఆడతాను. ఏడాదిలో సింగిల్ డిజిట్‌కి రావాలని గట్టిగా అనుకున్నాను. సాధ్యమేనా? — ఐటీ ఉద్యోగి, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: వారానికి ఒక్క రౌండుతో, ఏడాదిలో దాదాపు అసాధ్యం. మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి అనడం లేదు, లెక్క అలా ఉంది.

2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ ప్రకారం ఇండెక్స్ అంటే మీ సగటు ఆట కాదు. చివరి 20 రౌండ్లలో మేలైన 8 రౌండ్ల డిఫరెన్షియల్‌ల (కోర్స్ రేటింగ్ కన్నా స్కోరు ఎంత ఎక్కువో, కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసి చెప్పే అంకెల) సగటు. అందుకే మామూలు ఆదివారం స్కోరు హ్యాండిక్యాప్ కన్నా మూడు నాలుగు స్ట్రోకులు ఎక్కువే వస్తుంది. అది తప్పేం కాదు. 24.6ని 124తో గుణించి, 113తో (మామూలు కష్టమున్న కోర్సు స్లోప్‌తో) భాగించి, కోర్స్ రేటింగ్‌కీ పార్‌కీ ఉన్న తేడా (ఇక్కడ 1.5) తీసేస్తే 25 వస్తుంది. అదే ఈ కోర్సులో మీ కోర్స్ హ్యాండిక్యాప్. అంటే మీ మంచి రోజు స్కోరు 97. ఇండెక్స్ 9.9 కావాలంటే మేలైన ఎనిమిది రౌండ్లూ సగటున 81 దగ్గర ఉండాలి. పదహారు స్ట్రోకులు తగ్గాలన్నమాట. అదే 18.0కి రావాలంటే 90 చాలు, తగ్గాల్సింది ఏడు. రౌండుతో పాటు వారానికి రెండుసార్లు గంటసేపు సాధన చేసేవారికి ఈ ఏడు ఏడాదిలో అందుతాయి. మీ లక్ష్యం అక్కడ పెట్టుకోండి. సింగిల్ డిజిట్ మూడు నాలుగేళ్ల పని.

వారానికి ఒక రౌండైతే పాత 20 స్కోర్లు పూర్తిగా మారడానికే ఐదు నెలలు పడుతుంది. కాబట్టి మూడో నెలలో ఇండెక్స్ కదల్లేదని కంగారుపడి స్వింగు మార్చుకోవద్దు. లెక్కలో ఉన్న ఎనిమిదింటిలో అన్నిటికన్నా ఎక్కువున్నదాని కన్నా నాలుగు తక్కువ డిఫరెన్షియల్ వస్తే ఇండెక్స్ తగ్గేది సగం స్ట్రోకే, ఎందుకంటే ఆ నాలుగునూ ఎనిమిదితో భాగించాలి.

ఈ ఏడు స్ట్రోకులు ఎక్కడినుంచి వస్తాయి? మీ స్థాయిలో బర్డీలనుంచి (పార్ కన్నా ఒకటి తక్కువలో ముగించిన హోల్స్‌నుంచి) రావు. పెద్ద తప్పులు తగ్గితే వస్తాయి. వచ్చే ఐదు రౌండ్లలో స్కోరుకార్డులో ఖాళీగా ఉండే వరుసలో నాలుగు సంగతులు గుర్తుపెట్టండి: పెనాల్టీ స్ట్రోకులు (ఓబీ అంటే హద్దు దాటిన బంతి, నీళ్లు, దొరకని బంతి), గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మూడు పట్‌లు (బంతిని దొర్లించే దెబ్బలు) పట్టిన హోల్స్, 30 గజాల లోపలినుంచి కొట్టినా గ్రీన్ ఎక్కని బంతులు, క్లబ్బు నేలని తన్నో బంతి తలమీద తగిలో యాభై గజాలు కూడా పోని షాట్లు. రౌండు అయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే సగం మరిచిపోతాం. హోల్ అవ్వగానే, తర్వాతి టీకి నడుస్తూనే రాసేయాలి.

ఐదు రౌండ్లకు 15 పెనాల్టీలు, 20 త్రీ-పట్‌లు, 15 వృథా చిప్పులు (గ్రీన్ ఎక్కని ఆ చిన్న షాట్లు) వచ్చాయనుకోండి. అంటే రౌండుకి మూడు, నాలుగు, మూడు. ఇప్పుడు లక్ష్యం ‘18కి రావాలి’ అని కాకుండా ఇలా ఉండాలి: వచ్చే ఐదు నెలల్లో పెనాల్టీలు రౌండుకి ఒకటికి, త్రీ-పట్‌లు రెండుకి, వృథా చిప్పులు ఒకటికి రావాలి. ఓబీకి స్ట్రోకూ పోతుంది, దూరమూ పోతుంది. పాత చోటినుంచే మళ్లీ కొట్టాలి కనుక ఒక్కో ఓబీ రెండు స్ట్రోకుల పెట్టు. పెనాల్టీల నుంచే మూడు నాలుగు స్ట్రోకులు మిగులుతాయి.

అలాగని డ్రైవర్ని (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బుని, అంటే గోల్ఫ్ కర్రని) ఇంట్లో పెట్టేయమనడం లేదు. దూరం విలువైనదే. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్లు పరిశీలించి చూపించింది అదే: మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ స్కోరులో ఉండే తేడాలో సుమారు మూడింట రెండొంతులు వంద గజాల అవతలి షాట్ల వల్లే వస్తుంది. హోల్‌ని బట్టి నిర్ణయించుకోండి. ఆ టీనుంచి పది డ్రైవర్లు కొడితే ఎన్ని ఓబీకి పోతాయో నిజాయితీగా అంచనా వేయండి. ఒకటి లోపైతే డ్రైవరే. రెండో, అంతకన్నా ఎక్కువో అనిపిస్తే హైబ్రిడ్ (దూరం తక్కువైనా అదుపులో పోయే క్లబ్బు). పదిలో రెండు ఓబీలంటే ఆ టీ మీద నిలబడిన ప్రతిసారీ సగటున 0.4 స్ట్రోకు పోయినట్టే. డ్రైవర్ అదనంగా ఇచ్చే నలభై గజాలు దాన్ని పూడ్చడం అరుదు.

ప్రశ్న: మొన్న 88 కొట్టాను. ఈ మధ్య నాకదే మంచి స్కోరు. అయినా ఇండెక్స్ 15.2 నుంచి 15.8కి పెరిగింది. సాఫ్ట్‌వేర్ తప్పా? — వ్యాపారి, విజయవాడ

జవాబు: సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. 88లోంచి 70.5 తీసేస్తే 17.5. దాన్ని 113తో గుణించి 124తో భాగిస్తే 15.9. అదే ఆ రౌండు డిఫరెన్షియల్. అది లోపలికి వచ్చినప్పుడు జాబితా అడుగునున్న ఇరవయ్యో రౌండు బయటికి పోతుంది. మీ విషయంలో పోయింది చాలా మంచి రౌండై ఉండాలి. ఉదాహరణకు ఇదే కోర్సులో 83 కొట్టిన రౌండు, అంటే 11.4. పాత ఎనిమిదింటి మొత్తం 121.6. అందులో 11.4 పోయి 15.9 వస్తే 126.1. ఎనిమిదితో భాగిస్తే 15.8. మీ ఆట ఏమీ చెడలేదు, ఐదారు నెలల కిందటి గొప్ప రోజు గడువు తీరింది.

యాప్‌లో చివరి 20 స్కోర్లు తెరిచి, లెక్కలో ఉన్న ఎనిమిదింటిలో ఏవి పదహారో స్థానం నుంచి ఇరవయ్యో స్థానం మధ్య ఉన్నాయో చూసుకోండి. త్వరలో రాలిపోయేవి అవే. మంచి స్కోర్లు మూడు నాలుగు ఆ అంచున ఉంటే, వచ్చే నెలన్నరలో ఇండెక్స్ పెరగడం మీ చేతిలో లేదు. లక్ష్యానికి తేదీ పెట్టే ముందు ఇది చూడకపోతే అన్యాయంగా మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

ప్రశ్న: రిటైరయ్యాక గోల్ఫ్ మొదలుపెట్టాను. ఇప్పుడు ఇండెక్స్ 40 దాటి ఉంది, కోర్స్ హ్యాండిక్యాప్ 42. మగవాళ్లు చెప్పే లక్ష్యాలు నాకు సరిపడవు. నేనెలా మొదలుపెట్టాలి? — విశ్రాంత ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా కార్డు మీది పార్‌ని పక్కన పెట్టండి. కోర్స్ హ్యాండిక్యాప్ 42 అంటే ప్రతి హోల్‌కీ అదనంగా రెండు స్ట్రోకులు, స్ట్రోక్ ఇండెక్స్ (కార్డు మీద హోల్స్‌కి కష్టాన్ని బట్టి ఇచ్చే వరస) 1 నుంచి 6 వరకున్న కష్టమైన ఆరు హోల్స్‌కి మూడేసి. మీ సొంత పార్ పెన్సిలుతో రాసుకోండి: పార్ 3 మీకు 5, పార్ 4 మీకు 6, పార్ 5 మీకు 7. ఆ ఆరు హోల్స్‌కి ఇంకొకటి కలపండి. మొదటి ఏడాది లక్ష్యం ఆ ‘ఇంకొకటి’ తీసేయడమే, అంటే 42 నుంచి 36కి. అది మీకు అందుబాటులో ఉన్న లక్ష్యం.

340 గజాల పార్ 4 తీసుకోండి. టీనుంచి 130, తర్వాత 110, ఆ తర్వాత 90. మూడు షాట్లకు 330 గజాలు. పది గజాల చిప్పు, రెండు పట్‌లు. మొత్తం ఆరు. ఇందులో ఎక్కడా గట్టిగా కొట్టాల్సిన పని లేదు, కానీ ఒక్క బంతీ నేలలో కూరుకోకూడదు. అందుకే మీ సాధనలో సగం ఒకే క్లబ్బుతో, ఏడో ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే క్లబ్బు) లేదా హైబ్రిడ్‌తో, ముప్పావు స్వింగుతో బంతి గాల్లోకి లేవడం మీద పెట్టండి.

చాలామంది ఆడవాళ్లు నష్టపోయేది రెండుచోట్ల. ఒకటి, టీలు. డ్రైవర్ 150 గజాలు పోయేవారికి 18 హోల్స్ మొత్తం 3,500 నుంచి 3,700 గజాలుండటం సమంజసమని అమెరికాలో 2011లో మొదలైన ‘టీ ఇట్ ఫార్వర్డ్’ ప్రచారంలో సూచించారు. మీ డ్రైవర్ అంతకన్నా తక్కువ పోతుంది కాబట్టి అన్నిటికన్నా ముందున్న టీలనుంచే ఆడండి, మొహమాటపడొద్దు. రెండు, రేటింగు. ఒకే టీకి ఆడవాళ్ల రేటింగు వేరు, మగవాళ్ల రేటింగు వేరు. స్కోరు ఎక్కించేటప్పుడు ఆడవాళ్ల రేటింగే ఎంచుకున్నారో లేదో చూసుకోండి.

ఇంకో మాట: ఏదైనా హోల్‌లో పదకొండు పన్నెండు వస్తే మనసు పాడుచేసుకోవద్దు. హ్యాండిక్యాప్ లెక్కకు నెట్ డబుల్ బోగీ (పార్‌కి రెండూ, ఆ హోల్‌లో మీకొచ్చే అదనపు స్ట్రోకులూ కలిపిన స్కోరు) వరకే తీసుకుంటారు. మీకు రెండు స్ట్రోకులు వచ్చే పార్ 4లో అది 8, మూడు వచ్చే చోట 9. స్ట్రోకులు లెక్కించే పోటీ కాకపోతే, అక్కడికి చేరాక బంతి ఎత్తేసి తర్వాతి టీకి వెళ్లండి.

ప్రశ్న: కొత్త డ్రైవర్ కొంటే 18 నుంచి 15కి వస్తానా? — నెల్లూరు

జవాబు: రారు. డ్రైవర్ స్వింగ్ వేగం గంటకు 90 మైళ్లలోపు ఉండి మీ దగ్గర ముఖం 9 డిగ్రీల వాలున్న డ్రైవర్ ఉంటే మాత్రం 10.5 లేదా 12 డిగ్రీలకు మారడం మేలు చేస్తుంది. ముందు మీ గ్రిప్పులు (క్లబ్బు పిడి తొడుగులు) చూసుకోండి. మన ఎండకీ చెమటకీ ఏడాదిలోపే నున్నగా అయిపోతాయి. జారే గ్రిప్పుని గట్టిగా పట్టుకుంటే మణికట్టు బిగుసుకుని బంతి కుడివైపు పోతుంది. కొత్త గ్రిప్పులు వేయించడానికి డ్రైవర్ ధరలో కొద్ది భాగం చాలు.

ప్రశ్న: రెండేళ్లుగా 14 దగ్గరే ఆగిపోయాను. వారానికి మూడు రోజులు రేంజికి (సాధన మైదానానికి) వెళ్లి వందేసి బంతులు కొడతాను. అక్కడ అద్భుతంగా పోతాయి, కోర్సులో పోవు. ఏం మార్చాలి? — గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: వందని అరవై చేయండి, కొట్టే పద్ధతి మార్చండి. ఒకే క్లబ్బుతో, ఒకే చోటినుంచి, వరసగా ముప్పై బంతులు కొడితే పదో బంతికల్లా చెయ్యి ఆ లయకు అలవాటు పడిపోతుంది. కోర్సులో ప్రతి షాటూ కొత్తదే, రెండో అవకాశం ఉండదు. మొదటి ఇరవై బంతులు కోచ్ చెప్పిన స్వింగు మార్పు కోసం కొట్టండి. మిగతా నలభై మీ క్లబ్బు హోల్స్ ఊహించుకుని కొట్టాలి: డ్రైవరు, ఏడో ఐరన్, వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే, తక్కువ దూరం క్లబ్బు), మళ్లీ హైబ్రిడ్. ఒకే క్లబ్బు వరసగా రెండుసార్లు ముట్టుకోవద్దు. ప్రతి బంతికీ వెనక్కి వెళ్లి, గురి చూసుకుని, కొత్తగా నిలబడాలి. అరవై బంతులకు గంట పైనే పడుతుంది, పట్టనివ్వండి.

14 దగ్గర ఆగిపోయినవారిలో మాకు ఎక్కువగా కనిపించే లోపం క్లబ్బు ఎంపిక. ఏడో ఐరన్‌తో ఒకసారి 155 గజాలు పోయిందంటే మనసులో ఏడో ఐరన్ 155 అని ముద్ర పడిపోతుంది. ఒక్కో ఐరన్‌తో పది బంతులు కొట్టి, నేలమీద దొర్లినది వదిలేసి, గాల్లో పోయిన దూరం మాత్రం రాసుకోండి. మరీ చెడ్డవి రెండు తీసేసి మిగిలిన ఎనిమిదింటి సగటు కట్టండి. చాలామందికి అది అనుకున్నదానికన్నా పది పదిహేను గజాలు తక్కువ వస్తుంది. అందుకే గ్రీన్ మిస్సయిన బంతుల్లో ఎక్కువ భాగం ముందే పడతాయి, ఇసుక బంకర్లూ అక్కడే ఉంటాయి. వచ్చే పది రౌండ్లు ప్రతి అప్రోచ్‌కీ (గ్రీన్ మీదికి కొట్టే షాటుకీ) గ్రీన్ వెనక అంచు దూరానికి సరిపడే క్లబ్బు తీయండి. బంతి సరిగ్గా తగిలితే వెనక్కి, కాస్త తేడా పడితే మధ్యలోకి వస్తుంది.

గ్రీన్ పక్క పని చూద్దాం. వేసవిలో మన గ్రీన్ల చుట్టూ నేల గట్టిపడి గడ్డి పలచబడుతుంది. అక్కడ శాండ్ వెడ్జ్‌తో బంతిని ఎత్తబోతే క్లబ్బు అడుగుభాగం నేలకి తగిలి ఎగిరి, అంచు బంతి నడుముకి తగులుతుంది. బంతి గ్రీన్ దాటి అవతలికి పోతుంది. దొర్లించడమే మేలు. దానికో సులువైన లెక్కుంది. బంతి పడాల్సిన చోటు గ్రీన్ మీదికి ఒక అడుగు లోపల అనుకోండి. అక్కడి వరకు రెండు అంగలు, అక్కడినుంచి హోల్‌కి ఎనిమిది అంగలు. ఎనిమిదిని రెండుతో భాగిస్తే నాలుగు. ఈ లెక్కలో మారని అంకె పన్నెండు, అందులోంచి నాలుగు తీసేస్తే ఎనిమిది. ఎనిమిదో ఐరన్ తీయండి. చదునైన, మామూలు వేగమున్న గ్రీన్‌కి ఇది పనిచేస్తుంది. పల్లానికైతే ఒక క్లబ్బు కిందికి, ఎత్తుకైతే ఒక క్లబ్బు పైకి మారండి, అంటే ఎనిమిదికి బదులు తొమ్మిది, లేదా ఏడు.

పటింగ్‌లో మీ స్థాయికి కావాల్సింది పది అడుగులవి వేయడం కాదు. ఎనిమిది అడుగులనుంచి టూర్ ప్రొఫెషనల్స్ కూడా వేసేది సుమారు సగమే. మీకు కావాల్సింది మొదటి పట్ వేగం. ముప్పై అడుగులనుంచి పది బంతులు కొట్టి మూడడుగుల లోపల ఎన్ని ఆగాయో లెక్కపెట్టండి. ఐదు ఆగేవి ఎనిమిదికి చేరాయంటే రౌండుకి కనీసం ఒక త్రీ-పట్ పోతుంది. బెర్ముడా గడ్డి గ్రీన్లలో గడ్డి వాలు (గడ్డి వంగి ఉన్న దిశ) కూడా చూడాలి. హోల్ వైపు చూసినప్పుడు గడ్డి మెరుస్తూ లేత రంగులో ఉంటే వాలు మీతోనే ఉంది, బంతి జారుతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు వాలు, ఇంకాస్త గట్టిగా కొట్టాలి.

ఇవన్నీ చేసినా 14 నుంచి ఏడాదిలో 12 లేదా 11 ఆశించండి. 10 దాటి కిందికి వెళ్లాక ఏడాదికి ఒక్క స్ట్రోకు తగ్గినా గట్టి ప్రగతే.

ప్రశ్న: వయసు 61. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలకు మళ్లీ ఆట మొదలుపెట్టాను. పాత ఇండెక్స్ 12.0. ఇప్పటి మేలైన ఎనిమిది రౌండ్ల సగటు 18 దగ్గర ఉంది, కార్డు మాత్రం 16.5 చూపిస్తోంది. ఏమిటిది? 12కి తిరిగి రాగలనా? — కరీంనగర్

జవాబు: కార్డు సరిగ్గానే చూపిస్తోంది. గత 365 రోజుల్లో మీ అతి తక్కువ ఇండెక్స్ కన్నా మూడు స్ట్రోకులు దాటి పెరిగితే, దాటినదాంట్లో సగమే కలుపుతారు. 12కి మూడు కలిపితే 15, అక్కడినుంచి 18 వరకున్న మూడులో సగం ఒకటిన్నర. మొత్తం 16.5. ఎంత పెరిగినా ఐదు దాటనివ్వరు, కనుక మీకు 17.0 గరిష్ఠం. ఇబ్బంది నిజమైనదైతే ఆస్పత్రి కాగితాలతో క్లబ్బు హ్యాండిక్యాప్ కమిటీని అడగండి. సడలించే అధికారం కమిటీకి ఉంది.

12 గురించి ఈ ఏడాది ఆలోచించకండి. ముందు టీలు మార్చండి. డ్రైవర్ 200 గజాలు పోతుంటే 5,200–5,400 గజాల కోర్సు మీకు సరైనది. ముందు టీలనుంచి ఆడితే ఇండెక్స్ దొంగలెక్క అవుతుందని కొందరంటారు. అది తప్పు. రేటింగూ స్లోపూ ఆ టీలకు తగ్గట్టే తక్కువగా ఉంటాయి. నాలుగు, ఐదు ఐరన్ల బదులు హైబ్రిడ్లు పెట్టుకోండి. మొదటి మూడు నెలలు తొమ్మిదేసి హోల్సే ఆడండి, పన్నెండో హోల్ తర్వాత మోకాలు అలిసి స్వింగు పాడయ్యే బాధ ఉండదు. ఆరు నెలల్లో 15కి రావడం మీకు తగిన లక్ష్యం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. చలికాలం ఆట ఉండదు, వేసవిలో ఆఫీసయ్యాక తొమ్మిది హోల్సే కుదురుతాయి. ఇలా ఇండెక్స్ తగ్గించుకోవచ్చా? — ఎడిసన్

జవాబు: తగ్గించుకోవచ్చు. హ్యాండిక్యాప్ నియమాల 2024 సవరణ తర్వాత తొమ్మిది హోల్స్ స్కోరు ఇంకో తొమ్మిది కోసం ఆగక్కర్లేదు. మీ ఇండెక్స్‌ని బట్టి రెండో తొమ్మిదికి అంచనా స్కోరు కలిపి వెంటనే 18 హోల్స్ డిఫరెన్షియల్ తయారుచేస్తారు. అందులో సగం అంచనాయే కాబట్టి బాగా ఆడిన రోజు కూడా అంకె మరీ కిందికి దూకదు. నెలకి రెండు పూర్తి రౌండ్లు కలిపితే కదలిక బాగుంటుంది. యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పరిధిలో ఒంటరిగా ఆడిన రౌండు చెల్లదు, తోడు ఒకరు ఉండాలి.

చలికాలం మీ రాష్ట్రంలో స్కోర్లు తీసుకోరు. కానీ సంక్రాంతికి ఇంటికొచ్చి హైదరాబాద్‌లోనో విశాఖలోనో రేటింగున్న కోర్సులో నిబంధనల ప్రకారం ఆడితే ఆ స్కోరు చెల్లుతుంది, ఎక్కించాలి కూడా. లక్ష్యానికి గడువు డిసెంబరు 31 అని పెట్టుకోకండి. మీ సీజన్ ముగిసే నాటికి పెట్టుకోండి.

ప్రశ్న: మా నలుగురిలో మూడడుగుల పట్ ఎప్పుడూ ‘ఇచ్చేస్తాం’ (కొట్టకుండానే పడినట్టు లెక్కేస్తాం). ఆ స్కోరు ఎక్కించవచ్చా? — సికింద్రాబాద్

జవాబు: మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపోటములు చూసే ఆటలో) ఇచ్చుకోవచ్చు. అప్పుడు ఐదడుగుల లోపలున్న బంతికి ఒక స్ట్రోకు కలిపి రాసుకోవాలి. ఐదడుగులకీ ఇరవై గజాలకీ మధ్య అయితే రెండో మూడో, అంతకు మించితే మూడో నాలుగో. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) మాత్రం ప్రతి బంతీ హోల్‌లో పడాల్సిందే. మూడడుగులవి ఎప్పుడూ కొట్టకుండా వచ్చిన ఇండెక్స్‌తో టోర్నమెంటుకి వెళితే, అక్కడ అవే పట్‌లు నాలుగైదు తప్పుతాయి, స్కోరు హ్యాండిక్యాప్‌కి ఎక్కడో పైన ఉంటుంది. వచ్చే ఆదివారం నుంచి నలుగురూ ఒప్పుకుని అన్నీ పూర్తిచేయండి. మొదటి నెల ఇండెక్స్ కొంచెం పెరగొచ్చు. మీ అసలు ఇండెక్స్ అదే, లక్ష్యం అక్కడినుంచి లెక్క వేసుకోండి.